తాళాల బాబాయ్ దవడ పన్ను

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు కూడా రండి. ఆ మూల గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. పంటి నొప్పి ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వెనక వరసలోకి పోయి కూర్చోండి, మీరు మధ్యలో మూలిగారంటే కథ అటు జారిపోతుంది. అయ్యాయా మాటలు? సరే.

తాళాలు బాగుచేసే ఆయన ఒకాయన ఉండేవాడు. వీధి వీధంతా ఆయన్ని తాళాల బాబాయ్ అనేది. పిల్లలూ బాబాయ్ అనేవాళ్ళు, ఆ పిల్లల నాన్నలూ బాబాయ్ అనేవాళ్ళు, ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆయన పనితనాన్ని నేను తగ్గించి చెప్తే కళ్ళు పోతాయి. తాళం బెజ్జంలోకి ఉఫ్‌మని ఊది, ఆ గాలి తిరిగొచ్చే చప్పుడుని బట్టి లోపల ఎన్ని మీటలున్నాయో చెప్పేవాడు. ఒకసారి ఎవరింట్లోనో ఇనప్పెట్టె మొండికేస్తే దాని ముందు పీట వేసుక్కూర్చుని రెండు నిమిషాలు కుశల ప్రశ్నలు అడిగాడు. అది మొహమాటపడి తనంతట తనే తెరుచుకుంది. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, కావాలంటే అడగండి.

ఆ పనిలో ఒక సంగతి ఉంది. తలుపుకి తాళం పడిపోయి బయట చిక్కుకున్నవాళ్ళు బాబాయ్ కోసం చూసినట్టు ఇంకెవరి కోసమూ చూడరు. దూరంగా ఆయన సంచి కనిపిస్తే చాలు, మెట్ల మీంచి లేచి ఎదురొస్తారు, చెయ్యి పట్టుకుంటారు, దేవుడిలా వచ్చావు అంటారు. తాళం టక్కుమంటుంది. అంతే, అందరూ లోపలికి పరుగు. పొయ్యి మీద పాలో, ఏడుస్తున్న పసిదో, మోగుతున్న ఫోనో. తలుపు మూసుకుంటుంది. బాబాయ్ మెట్ల మీద కూర్చుని పనిముట్లు ఒక్కొక్కటీ తుడిచి సంచిలో సర్దుకుంటాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన తెరిచిన తలుపులు పదివేలు. వాటి వెనక ఏముందో ఆయనకి తెలిసింది మాత్రం గుమ్మంలోంచి కనిపించినంత మేరే.

అయితే ఆ ముప్ఫై ఏళ్ళలో ఒక అలవాటు ముదిరింది. ఒక చేతిలో ఆకురాయి, ఇంకో చేతిలో తాళం. మరి తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలి? ఎడమ దవడ పళ్ళ మధ్య. ఇనుము కొరికీ కొరికీ ఆ మూల పన్ను అరిగింది, పగిలింది, లోపల పుచ్చింది. ఒక రోజు పొద్దున లేచేసరికి చెంప ఎంత వాచిందంటే, బాబాయ్ వీధి మలుపు తిరగడానికి రెండడుగుల ముందే చెంప తిరిగేసేది. ఆ నొప్పి జోరుకి కొట్టులో వేలాడే తాళాలు కూడా గిలగిల కొట్టుకునేవి.

వీధిలో అందరూ తలా ఒక వైద్యం చెప్పారు. ఉప్పునీళ్ళు పుక్కిలించమని ఒకరు, లవంగం పెట్టమని ఒకరు. ఆయన ఉండే మేడ కింద కటింగ్ షాపు ఉంది. ఆ షాపాయన దారం కట్టి, రెండో కొస తలుపుకి ముడేసి లాగేద్దామన్నాడు. కట్టి చూశారు కూడా. కానీ ఆ తలుపుకి బందులు బిగించింది బాబాయే. అది ఎంత మెత్తగా మూసుకుందంటే పంటికి ఆ సంగతే తెలియలేదు.

చివరికి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, ఇవాళే పీకేయాలన్నాడు. తరవాత బాబాయ్ రోజూ వేసుకునే మాత్రల చీటీ చూసి కొంచెం తగ్గాడు. గుండె కోసం వేసుకునే ఆ మాత్రల వల్ల రక్తం పల్చగా ఉంటుంది, తొందరగా ఆగదు. ఈ పూటంతా పక్కన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి, లేకపోతే నేను పటకారు ముట్టను అనేశాడు. అక్కడున్న సిస్టరు కాగితం తీసుకుని అడిగింది.

"బయట ఎవరున్నారు బాబాయ్ గారూ, మీవాళ్ళు?"

బాబాయ్ తలుపు వంక చూశాడు. అవతల కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఎవరి పళ్ళ కోసం వాళ్ళొచ్చారు.

"ఇంట్లో మా అక్క ఉంది" అన్నాడు.

అక్క లేదు. అక్కా లేదు, అన్నా లేదు, ఆలీ లేదు. ఆయనకి యాభై ఆరేళ్ళు. ఆ అక్క ఆ నిమిషంలోనే, ఆ పళ్ళ కుర్చీ పక్కనే, అరవై ఏళ్ళ వయసుతో, నెరిసిన జుట్టుతో పుట్టింది.

సిస్టరు వదిలే రకం కాదు. మరి ఆవిడ మీతో రాలేదేం అంది. మోకాళ్ళ నొప్పులన్నాడు. ఫోను చేసి జాగ్రత్తలు చెప్పాలి, చెవులు బాగానే వినిపిస్తాయా అంది. వినిపించవని ఒక్క మాట అనుంటే గొడవ వదిలిపోయేది. కానీ పుట్టి రెండు నిమిషాలు కాకుండానే అక్కకి మోకాళ్ళు పోయాయి, చెవులు కూడా తీసేయడానికి ఆయనకి మనసొప్పలేదు. శుభ్రంగా వినిపిస్తాయన్నాడు.

ఇంజెక్షను పొడిచారు. ఎడమ సగం మొహం మెల్లగా ఆయనది కాకుండా పోయింది. తరవాత మొదలైంది కుస్తీ. ఆ పన్నుకి వేళ్ళు గొంతు దాటి ఎక్కడిదాకా దిగాయో గానీ, డాక్టరు లాగితే పన్ను రాలేదు, కుర్చీ వచ్చింది. బాబాయ్‌తో సహా గది దాటి, కాగితాలు రాసే బల్ల దాకా పోయి, అక్కడున్నవాళ్ళని పలకరించి వెనక్కి వచ్చింది. డాక్టరు కళ్ళజోడు చెమటకి జారిపోయింది. అప్పుడు బాబాయ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. నోరు తెరిచే ఉంది, మాట రాదు. మణికట్టు తిప్పి చూపించాడు. లాగొద్దు, కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, మళ్ళీ ఎడమకి, అదే ఒప్పుకుంటుంది అని. పట్టేసిన తాళాన్ని బతిమాలినట్టు. డాక్టరు అలాగే చేశాడు. పన్ను టక్కున ఊడొచ్చింది. రోగి దగ్గర పని నేర్చుకోవడం ఇదే మొదటిసారి అన్నాడు డాక్టరు.

సిస్టరు ఆ గుంటలో మందపాటి దూది మడత పెట్టి గట్టిగా కొరికి పట్టుకోమంది. నేను ఫోను చేసి చెప్పేదాకా నోరు తెరవొద్దు, మాట్లాడొద్దు, ఉమ్మొద్దు అంది. డాక్టరు రాసిన మందు చీటీకి కూడా ఎవరూ అంత విలువివ్వరు, బాబాయ్ ఆ మాటకి అంత విలువిచ్చాడు. పెదాలు కుట్టేసినట్టు బిగించి బయటపడ్డాడు.

ఇంటికి రెండు వీధులే. ఆ రెండు వీధులూ అక్క గురించి ఆలోచిస్తూ నడిచాడు. అక్క ఉంటే ఏమని ఉండేది? ముందు తిట్టి ఉండేది. ఇనుము కొరకొద్దురా అని ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను, విన్నావా అని ఉండేది. తరవాత గ్లాసు నిండా చల్లని పాలు తెచ్చి, తాగేదాకా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండేది. వీధి చివరకొచ్చేసరికి ఆవిడ చీర రంగు కూడా తేలిపోయింది. మెట్లెక్కుతుంటే ఆయన కొంచెం తొందరపడ్డాడు. ఎందుకు తొందరపడ్డాడో తెలిసి, మధ్య మెట్టు మీద ఒక నిమిషం ఆగాడు.

ఆ మేడ మీద మొదటి వాటా ఒకటే గది. దానికొకటే తలుపు. ఆ తలుపుకున్న తాళం మాత్రం ఆయన చేతి పనుల్లో పెద్దది. లోపల్నించైనా బయట్నించైనా తాళంచెవి తిప్పందే కదలదు. ఒక దొంగ మూడు రోజులు దానితో పోరాడి, నాలుగో రోజు పట్టపగలు వచ్చి బాబాయ్‌కి దణ్ణం పెట్టి ఊరొదిలి వెళ్ళిపోయాడు. గది గోడ నిండా మేకులు. మేకుల నిండా వీధిలోవాళ్ళ మారు తాళంచెవులు. ఎప్పుడైనా పోగొట్టుకుంటే పనికొస్తాయని ఇచ్చి ఉంచినవి, నూట పద్నాలుగు. తన తాళానికి మాత్రం మారు తాళంచెవి ఆయన చెక్కలేదు. చెక్కడం అరగంట పని. చెక్కి ఎవరి చేతికివ్వాలి?

లోపలికొచ్చాడు, అలవాటు చొప్పున లోపల్నించి తాళం వేశాడు. చొక్కా విప్పాలి, రెండు చేతులూ కావాలి. తాళంచెవి అలవాటు చొప్పున పెదాల సందులోంచి ఎడమ దవడలో పెట్టుకున్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, మీకు చెప్తున్నాను, ఆయనకి చెప్పకండి. ఆ దవడ అప్పుడు ఆయనది కాదు. పెదవికి తెలియలేదు, చిగుళ్ళకి తెలియలేదు, నాలుకలో సగానికి తెలియలేదు. రక్తం రుచీ ఇనుము రుచీ ఒకటే కాబట్టి మిగతా సగానికీ అనుమానం రాలేదు. తాళంచెవి దూదికి పక్కన, చెంపకి లోపల, మంచం ఎక్కినట్టు హాయిగా సర్దుకుంది. నోరు తెరవొద్దని సిస్టరు చెప్పింది కదా, బాబాయ్ తెరవలేదు. వెళ్ళి పడుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను మోగింది.

ఎలా ఉంది బాబాయ్ గారూ అని సిస్టరు అడిగింది. ఊఁ అన్నాడు. అక్కగారికి ఫోనివ్వండి అంది.

బాబాయ్ లేచి కూర్చున్నాడు. ఫోను ఒక చెవి మీంచి తీసి రెండో చెవికి పెట్టుకున్నాడు. గొంతు సన్నం చేసి, ముక్కులోంచి, "ఊఁ" అన్నాడు.

సిస్టరు నమ్మింది. అక్కకి జాగ్రత్తలన్నీ చెప్పింది. వేడివి ఇవ్వొద్దు, గట్టివి ఇవ్వొద్దు, తల కింద రెండు దిళ్ళు పెట్టండి, బయట నించి చెంపకి ఐసు పెట్టండి. ఒక్కోదానికీ అక్క ఎంత శ్రద్ధగా ఊఁ కొట్టిందంటే, వింటున్న బాబాయ్‌కే ముచ్చటేసింది. దూది ఇంకా ఎర్రగా తడుస్తోందా అమ్మా అని సిస్టరు అడిగింది. తడుస్తోంది, పెదవి చివర్నించి కారి దిండు మీద మరక కూడా పడింది. ఊఁ అంది అక్క. అయితే తీయొద్దు, ఇంకా గట్టిగా పట్టుకోమనండి అంది సిస్టరు. తరవాత, ఎన్నిసార్లు మార్చారు దిండు గుడ్డ, మరక ఎంత పెద్దగా ఉంది, అరచేతంత ఉందా, అంతకంటే పెద్దదా అని అడిగింది. వాటికి ఊఁ సరిపోదు. అయినా అక్క ఊఁ అనే అంది.

అటు కాగితం తిరగేసిన చప్పుడైంది.

"మీరు కూడా పన్ను పీకించుకున్నారా అమ్మా?" అంది సిస్టరు.

"ఊఁ" అంది అక్క.

"నేను వస్తున్నాను" అని సిస్టరు ఫోను పెట్టేసింది.

అప్పుడు బాబాయ్‌కి కాలు నిలవలేదు. ఆవిడ వస్తే తలుపు తీయాలి, అక్క ఏదంటే ఏం చెప్పాలి అనుకుంటూ తాళంచెవి కోసం చొక్కా జేబు చూశాడు. లేదు. ప్యాంటు జేబు, దిండు కింద, మంచం కింద, చెప్పుల్లో. నీళ్ళ బిందె ఒంపి చూశాడు. నూట పద్నాలుగు మేకులూ చూశాడు. ఊళ్ళో ఏ ఇంటి తలుపైనా తెరవగలిగినన్ని తాళంచెవులున్నాయి ఆ గోడ మీద, ఇదొక్కటి తప్ప. పనిముట్ల సంచి కొట్టులో ఉండిపోయింది. చెంచా కాడతో ప్రయత్నించాడు. తాళం కదల్లేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఇటువైపు, ముప్ఫై ఏళ్ళ అనుభవం అటువైపు. ఎవరూ గెలవలేదు. ఆ ఆపదలో కూడా, ఎంత బాగా చేశాను దీన్ని అని ఒక్క క్షణం ఆయనకి గర్వమేసింది.

తలుపు తట్టారు. సిస్టరు భోజనం మానేసి వచ్చినట్టుంది, ఆయాసం ఇవతలికి వినిపిస్తోంది. బాబాయ్ గారూ తీయండి అంది. ఊఁ అన్నాడు. అమ్మా మీరైనా తీయండి అంది. ఎవరూ తీయలేదు. ఆవిడ ఇంకా గట్టిగా బాదింది. ఆ బాదుడికి కటింగ్ షాపాయన కత్తెరతో సహా పైకొచ్చాడు. వెనకే సగం గుండు సగం జుట్టుతో ఆయన గిరాకీ వచ్చాడు. పైవాటాలో ఉండే లెక్కల టీచరమ్మ దిగొచ్చింది. కింద వీధిలో పోయేవాళ్ళు గుంపుని చూసి ఎక్కారు. మెట్ల నిండా జనం. ఆ మెట్ల మీద అంతమంది నిలబడటం మేడ కట్టాక అదే మొదటిసారి, మెట్లకే కాళ్ళు వణికాయి.

బాబాయ్ తలుపుకి ఇవతల నేల మీద కూర్చున్నాడు. వీపు తలుపుకి ఆనించాడు. అవతల మాటలన్నీ వీపులోంచి వినిపిస్తున్నాయి.

రక్తం ఆగలేదు, లోపల పడిపోయాడేమో అని సిస్టరు చెప్తోంది. వాళ్ళక్క ఉందన్నాడు, ఆవిడా పలకడం లేదు అంది.

"అక్కెవరండీ?" అన్నాడు కటింగ్ షాపాయన. "పదిహేనేళ్ళుగా నెలకోసారి ఆయన తల నా చేతిలో ఉంటోంది. అక్క ఉన్నట్టు ఒక్కసారి కూడా చెప్పలేదు."

"మీరు అడిగారా?" అంది టీచరమ్మ.

షాపాయన కత్తెర ఒకసారి ఊరికే ఆడించాడు. అడగలేదన్నాడు. అయినా తలుపు పగలగొడదాం, గునపం తెస్తానన్నాడు. టీచరమ్మ వద్దంది. మా పాప లోపల గడియ పెట్టేసుకుని ఏడుస్తుంటే ఈయనే వచ్చి తీశాడు, పాప భయపడుతుందని తీసినంత సేపూ బెజ్జంలోంచి దానికి కోతి కథ చెప్పాడు అంది. దాన్ని ఎత్తుకుని లోపలికి పోయాను, ఆయనకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు అంది. తరవాత, మా ఇంటి మారు తాళంచెవి ఈయన దగ్గరే ఉంది, మీది కూడా ఉంటుంది కదా అని షాపాయన్ని అడిగింది. ఉందన్నాడు. సగం గుండాయన మాది కూడా ఉందన్నాడు. వెనకనుంచి ఇంకో నలుగురు అన్నారు.

"మరి ఈయనది ఎవరి దగ్గరుంది?" అంది టీచరమ్మ.

మెట్ల మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్న చప్పుడు కూడా బాబాయ్ వీపుకి వినిపించింది.

అదే సమయానికి మందు దిగిపోవడం మొదలైంది. ముందు పెదవి చివర చీమ పాకినట్టు, తరవాత చెంప, తరవాత నాలుక. నాలుక లేచి, ఇల్లు చూసుకోవడానికి బయల్దేరినట్టు మెల్లగా పోయి గుంట దగ్గర ఆగింది. అక్కడ చల్లగా, గట్టిగా, పళ్ళు పళ్ళుగా ఏదో తగిలింది. బాబాయ్‌కి తాళంచెవిని చూడక్కర్లేదు. నాలుకతో తడిమి ఎన్ని గాట్లున్నాయో లెక్కపెట్టాడు. ఐదు. తనదే.

తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అడ్డం తొలగింది కదా, దూది ఇప్పుడు గుంట మీద సరిగ్గా బిగుసుకుంది. రక్తం ఆగడం మొదలైంది కూడా.

ఇక లేచి తలుపు తీయడమే. లేవలేదు.

ఎందుకు లేవలేదంటే, తాళం టక్కుమన్నాక ఏం జరుగుతుందో ఆయనకి తెలిసినంతగా ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అమ్మయ్య అంటారు. బతికే ఉన్నాడు, ఏం లేదు అంటారు. షాపాయన గిరాకీ సగం తల కోసం దిగిపోతాడు, టీచరమ్మ పైకి పోతుంది, సిస్టరు గడియారం చూసుకుంటుంది. తుమ్మినంత సేపట్లో మెట్లు ఖాళీ. తాళం పడి ఉన్నంత సేపే వాళ్ళందరూ అక్కడ ఉంటారు. బాబాయ్ గుప్పిట మూసుకుని కూర్చున్నాడు. ముందు ఒక నిమిషం అనుకున్నాడు. తరవాత ఇంకొక నిమిషం. బయట టీచరమ్మ బాబాయ్ బాబాయ్ అని పిలవడం వినిపించాక సిగ్గేసింది, అయినా లేవలేకపోయాడు.

సిస్టరు తలుపు దగ్గరగా వంగినట్టుంది. ఆవిడ గొంతు సరిగ్గా ఆయన చెవి వెనకే వినిపించింది.

"బాబాయ్ గారూ, వింటుంటే ఒకసారి తట్టండి."

బాబాయ్ వేలి కణుపుతో ఒకసారి తట్టాడు. మెట్ల మీద అందరూ ఊపిరి వదిలారు.

"ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. సరేనా? రక్తం తగ్గిందా?"

ఒకసారి.

"నడవగలరా?"

ఒకసారి.

"అక్క లోపల ఉందా?"

బాబాయ్ వెంటనే తట్టలేదు. గదిలోకి చూశాడు. పొయ్యి దగ్గర, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడాల్సిన చోటు చూశాడు. వచ్చి మూడు గంటలు కాలేదు. ఒక్క మాట మీద వచ్చింది, ఫోనులో ఎంత బాగా ఊఁ కొట్టింది. సిస్టరు తొందరపెట్టలేదు. మెట్ల మీద ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

ఒకసారి తట్టాడు. ఆగాడు. రెండోసారి తట్టాడు.

అంతే, అక్క పోయింది.

బయట ఎవరూ అయ్యో అనలేదు, అదొక్కటి మంచి పని చేశారు. సిస్టరు, గొంతు ఏమీ మార్చకుండా, రోజూ అడిగే మాటలాగే అంది.

"సరే, అయితే నేనుంటాను ఈ పూట. డాక్టరు గారికి ఫోను చేసి చెప్తాను. లోపలికి ఎలా రావాలో చూడండి బాబాయ్ గారూ."

బాబాయ్ గుప్పిట విప్పాడు. లేచి తను తీయొచ్చు. రెండడుగుల దూరం, ఒక్క తిప్పు. తీయలేదు. తాళంచెవిని బనీను అంచుకి తుడిచాడు, ఎర్రటి మరక పోయేదాకా తుడిచాడు, తలుపు కింద సందులోంచి మెల్లగా అవతలికి తోశాడు.

అవతల ఎవరో కిందకి వంగారు. తాళంచెవి బెజ్జంలో పడింది. తరవాత, మీరు నమ్మాలి, ఆ తాళాన్ని తీయడానికి వాళ్ళు పావుగంట కుస్తీ పట్టారు. సిస్టరు కుడికి తిప్పింది. షాపాయన నాకివ్వండని తీసుకుని తలకిందులుగా పెట్టాడు. టీచరమ్మ ఎన్ని రకాలుగా తిప్పొచ్చో లెక్క వేసి, ఇరవై నాలుగు తేల్చి, మొదటిదాంతో మొదలుపెట్టింది. ఇవతల బాబాయ్ చేతి వేళ్ళు జిలపెట్టాయి. కొంచెం ఎడమకి, తల్లీ, కొంచెం వెనక్కి, అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు. కానీ ఆ గిరగిర చప్పుడు, ఎవరో తన కోసం తంటాలు పడుతున్న చప్పుడు, ఆయన పుట్టి బుద్ధెరిగాక విన్నది లేదు. ఇంకాసేపు పట్టినా బాగుండుననుకున్నాడు. ఇరవై నాలుగోసారికి టక్కుమంది.

సిస్టరు లోపలికొచ్చింది. ఒక చేత్తో గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది, పాత దూది తీసింది, కొత్తది మడిచి పెట్టింది. బాగానే కట్టుకుంటోంది అంది. దాని మీద ఈ గాట్లేమిటి అని పాత దూదిని వెలుతురులో తిప్పి చూసింది. బాబాయ్ పైకప్పు వంక చూశాడు. టీచరమ్మ పైకి పోయింది గానీ, పోయి చల్లని పాల గ్లాసుతో తిరిగొచ్చింది. షాపాయన రుమాల్లో ఐసు కట్టుకొచ్చాడు. గిరాకీ ఏడీ అంటే, ఉంటాడులే, సగం తలతో ఎక్కడికి పోతాడు అన్నాడు. ఆ సగం గుండాయన అప్పటికే గోడ దగ్గర నిలబడి, మేకుల మీద తన ఇంటి తాళంచెవి ఏదో వెతుక్కుంటున్నాడు. ఎవరికి వాళ్ళు గదిలో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నారు. ఉన్న ఒక్క కుర్చీని ఒకరి వైపు ఒకరు జరుపుకుంటున్నారు.

సిస్టరు చేతులు కడుక్కుంది. చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న తాళంచెవిని, ఆలోచించకుండా, తన తెల్ల కోటు జేబులో వేసుకుంది. బాబాయ్ చూశాడు. నోరు తెరవొద్దని ఆవిడే చెప్పింది కదా, ఏమీ అనలేదు. దిండు మీద తల వాల్చి, ఆ జేబు వంకే చూస్తూ, చల్లటి రుమాలు చెంపకి ఆనించుకున్నాడు. పన్ను పోయిన చోట నాలుక ఒకసారి పోయొచ్చింది. ఖాళీగానే ఉంది, సలుపుతోంది, కానీ రక్తం లేదు.

కింద వీధిలో పోతూ గుంపుని చూసి ఎక్కిన పెద్దాయన ఒకాయన, చివరి మెట్టు నించి అప్పుడే గుమ్మం దాకా చేరుకున్నాడు. తలుపు చూశాడు, తాళం చూశాడు, లోపల జనాన్ని చూశాడు, మంచం మీద వాచిన చెంపకి రుమాలు కప్పుకున్న మనిషిని కూడా చూశాడు, పోల్చుకోలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, వీళ్ళ తెలివి చూసి జాలిపడ్డట్టు తల ఊపాడు.

"ఇంతమంది ఉన్నారు, ఇంత సేపు తంటాలు పడ్డారు, ఒక్కరికైనా ఆలోచన రాలేదు చూడండి" అన్నాడు. "ఆ మలుపులో తాళాల బాబాయ్‌ని పిలుచుకొస్తే చిటికెలో తీసి పోయేవాడు. అయినా ఇవాళ ఆయన కొట్టు మూసేసి ఉందిలెండి. అవసరానికి ఎక్కడికి పోతారో ఈ మనుషులు."